అప్పులవాడు రాలేని ఇంటికి పన్నులవాడు

టెక్సస్‌లో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువారికి ‘హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్’ ఏటా వచ్చే ఆస్తిపన్ను కాగితంలో ఒక వరుస మాత్రమే. యజమాని స్వయంగా కాపురముండే ఇంటి విలువలో కొంత భాగానికి పన్ను వేయకుండా విడిచిపెట్టడమే దాని అర్థం. అరవై ఐదేళ్ళు నిండినవారికి ఆ భాగం ఇంకా పెరుగుతుంది. ఆ వరుస చరిత్ర తిరగేస్తే నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఒకటుంది: ఈ రక్షణ పుట్టిననాడు దానికి పన్నుతో సంబంధమే లేదు.

1837లో అమెరికాలో బ్యాంకులు కుప్పకూలాయి. అప్పుల పాలైన కుటుంబాలు ఎన్నో టెక్సస్ దారి పట్టాయి. అప్పటికి టెక్సస్ స్వతంత్ర రిపబ్లిక్. అక్కడి కాంగ్రెసు 1839 జనవరిలో ఒక చట్టం చేసింది. కుటుంబానికి 50 ఎకరాల భూమి లేదా పట్టణంలో ఒక ఇంటిస్థలం, 500 డాలర్లకు మించని కట్టడాలు, ఐదు పాడి ఆవులు, ఒక జత ఎడ్లు లేదా ఒక గుర్రం, ఇరవై పందులు, ఏడాది గ్రాసం – వీటిని అప్పులవాళ్ళు జప్తు చేయరాదు. ఇంత ఇంటివాసన ఉన్న చట్టాన్ని నేను వేరే చూడలేదు. 1845 నాటి రాజ్యాంగంలో ఈ రక్షణ 200 ఎకరాలకు పెరిగింది.

అయితే 1876 రాజ్యాంగం ఆ కోటకు కొన్ని ద్వారాలు తెరిచే ఉంచింది. ఇల్లు కొనడానికి చేసిన అప్పు ఒకటి, పన్ను బకాయి మరొకటి. వడ్డీ వ్యాపారిని గడప బయట నిలబెట్టిన ప్రభుత్వం తాను మాత్రం లోపలికి వచ్చే హక్కును అట్టేపెట్టుకుంది.

ఆ ద్వారం కొంతైనా మూసుకోవడానికి మహామాంద్యం రావలసి వచ్చింది. 1932లో ఓటర్లు రాజ్యాంగాన్ని సవరించి, స్వంత ఇంటి విలువలో 3,000 డాలర్ల మేరకు రాష్ట్రపు పన్నును తొలగించారు. తరువాతి మలుపు 1970లలో, ధరలు మండిపోతున్న కాలంలో వచ్చింది. ఇంటి విలువ కాగితం మీద పెరుగుతుంది, పన్నూ పెరుగుతుంది. పింఛను మాత్రం కదలదు. అప్పంతా తీర్చి ఇల్లు తనదనుకున్న ముసలమ్మకు ఆ ఇల్లే భారమవుతుంది. 1978 సవరణ వృద్ధులకు పాఠశాల పన్నులో అదనంగా 10,000 డాలర్ల మినహాయింపు ఇవ్వడమే కాక, వారు కట్టవలసిన ఆ పన్ను మొత్తానికే పరిమితి విధించింది. ఇంటి విలువ ఎంత పెరిగినా, కొత్తగా గదులేవీ కట్టనంతవరకు, పన్ను ఆ గీత దాటదు. 55 ఏళ్ళు దాటిన జీవిత భాగస్వామికి కూడా ఆ పరిమితి సంక్రమించేలా 1987లో మరో సవరణ వచ్చింది. ఇదీ చాలనివారు పన్నును వాయిదా వేసుకోవచ్చు. దానిపై ఏటా 5 శాతం వడ్డీ పడుతుంది. ఆ బాకీ చివరికి వారసుల మీదికి వస్తుంది.

2025 నవంబరు ఎన్నికలతో పాఠశాల పన్ను మినహాయింపు అందరికీ 1,40,000 డాలర్లు, వృద్ధులకు మరో 60,000 అయింది. రెండు లక్షల డాలర్ల లోపు ఇంట్లో ఉండే వృద్ధులకు ఆ పన్ను ఇక లేనట్లే.

ఇది మంచిదే. కాని ఈ చట్టం వయసును చూస్తుంది, ఇంటి పట్టాను చూస్తుంది. చేతిలోని డబ్బును చూడదు. కోటీశ్వరుడైన వృద్ధుడికి పరిమితి వర్తిస్తుంది. అద్దె ఇంట్లో ఉండే పేద వృద్ధురాలికి ఏమీ రాదు, యజమాని కట్టే పన్ను ఆమె అద్దెలో కలిసే ఉన్నా సరే. విస్కాన్సిన్ రాష్ట్రం 1964లోనే వేరే దారి తొక్కింది. ఆదాయంతో పోల్చి పన్ను మోయలేనంత అయితే, ఆ భారంలో కొంత ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. అద్దెలో దాగిన పన్నునూ లెక్కలోకి తీసుకుంటుంది.

1980, 90లలో టెక్సస్ చేరిన మనవాళ్ళలో చాలామంది ఇప్పుడు ఆ అరవై ఐదు దాటుతున్నారు. వాళ్ళ ఇళ్ళకు రక్షణ ఉంది. కొడుకు ఇంట్లో ఉండే తల్లిదండ్రులు ఎంత పెద్దవారైనా, పట్టాలో పేరు లేకపోతే ఆ ఇంటికి వృద్ధుల మినహాయింపు రాదు. 1839 నాటి చట్టం అప్పుల్లో మునిగిన కుటుంబం కోసం పుట్టింది. నేటి చట్టం రక్షిస్తున్నది ముసలితనాన్నా, ఆస్తినా? నాకైతే రెండవదే అనిపిస్తోంది. మీరేమంటారు?