విరిగిన బోల్టు

ఇబ్రహీంపట్టణపు చెరువు కట్టిన కుతుబ్‌షాహీల నాడు బోల్టుల బాధ లేదు. 1841లో విట్‌వర్తు దొర ఇంగ్లండున మరచుట్లకు ఏకరీతి కొలతలు ప్రతిపాదించెను. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులు నడపగా, ఆ బోల్టులు మన సీమకును చుట్టములయ్యెను.

పొగగొట్టపు బోల్టు మాటిమాటికి కాగి చల్లారి తుప్పుపట్టును. పానా పట్టగానే తల తెగి, మొండెము లోన నిలుచును. అప్పుడు మొండెము నడుమ బరమాతో బెజ్జము వేసి, ఎడమచుట్టు మరగల ఉక్కుకడ్డీని దింపి, అపసవ్యముగా త్రిప్పుదురు. కడ్డీ బిగియుకొలది బోల్టు వదలును! నాకీ యుపాయము మిక్కిలి ముచ్చట. కాని కడ్డీయే లోన విరిగినచో, దాని కాఠిన్యమువలన బరమా దిగదు. ఒక్కొక్కప్పుడు ఇంజను తలయే మార్చవలసివచ్చును.

కావుననే నేడు ఇబ్రహీంపట్టణమున నేనెఱిగిన మేస్త్రీలు, మొండెము పైకి కనబడినచో, దానికి నట్టు నతికి పానాతో త్రిప్పుదురు. అతుకు వేడిమికే తుప్పుపట్టు సడలును.