అడ్డుతెర, ప్రియదర్శిని, పెండ్లి వీడియో: దృశ్యసంధి చరిత్రపై ఒక పరిశీలన

నాగపూర్ వైపు సాగే 44వ జాతీయ రహదారిపై మేడ్చల్, కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారిపై శామీర్‌పేట ఉన్నాయి. ఫంక్షన్ హాళ్ళు, రిసార్టులు వెలసిన ఈ ఉత్తర హైదరాబాద్ శివార్లలో పెండ్లి వీడియో చాలామందికి జీవనవృత్తి. అయినా సామాజిక చరిత్రకు ఆధారంగా దానిపై మన పరిశోధన దృష్టి అంతగా ప్రసరించలేదు. ఆ వృత్తిలోని ఒక్క అంశాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది: ఒక దృశ్యం నుంచి మరొక దృశ్యానికి మారే పద్ధతిని, అంటే ట్రాన్సిషన్‌ను, ఎడిటర్ సొంతంగా రూపొందించుకోవడం. దీనిని ఇక్కడ 'దృశ్యసంధి' అని వ్యవహరిస్తున్నాను.

ఈ పేరుకు కారణం ఉంది. బాలవ్యాకరణం ప్రకారం సంధిలో పూర్వ పర స్వరాలు రెండింటికీ పరస్వరమే ఏకాదేశమవుతుంది. సినిమాలోని డిజాల్వ్‌లోనూ రెండు దృశ్యాలు కొద్దిసేపు ఒకదానిపై ఒకటి నిలిచి, చివరకు తరువాతిదే మిగులుతుంది. అయితే ఇక్కడ మార్పు జరుగుతుండగానే ప్రేక్షకుడు దానిని చూస్తాడు. ఆ చూపును కళగా మలచిన రంగస్థలం మనకుంది. కూచిపూడి భామాకలాపంలో ఇద్దరు పట్టుకున్న తెర వెనుక నిలిచిన సత్యభామ ముందుగా తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. ప్రవేశం పూర్తి కాకముందే పాత్ర తెలిసిపోతుంది.

డిజాల్వ్‌ను జార్జ్ మెలియస్ 1899 నాటి 'సిండ్రెల్లా'లోనే వాడాడు. ఫిల్మ్‌పై దానిని కెమెరాలోనే సాధించాలంటే మొదటి దృశ్యాన్ని క్రమంగా చీకటి చేసి, ఫిల్మ్‌ను వెనక్కి తిప్పి, రెండవ దృశ్యాన్ని క్రమంగా వెలుగులోకి తేవాలి. లేదా ఎడిటర్ తన కాపీపై పెన్సిలు గీతలతో గుర్తులు పెట్టి పంపితే, ల్యాబొరేటరీలో ఆప్టికల్ ప్రింటర్ ద్వారా రెండింటినీ కొత్త నెగెటివ్‌పై ముద్రించాలి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన రెండు సెకన్ల సంధికి 48 ఫ్రేములు. మరోసారి ముద్రించినందువల్ల బొమ్మ నాణ్యత కొంత తగ్గేది. ఫలితం ప్రింటు వచ్చాకే తెలిసేది.

ఆ కాలపు 'మాయాబజార్' (1957) గురించి మాట్లాడేవారు కె.వి. రెడ్డి దర్శకత్వాన్ని, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణాన్ని, ఘటోత్కచుడు మాయాశశిరేఖ కావడాన్ని తప్పక ప్రస్తావిస్తారు. దృశ్యసంధి చరిత్రకు ప్రియదర్శిని పేటిక అంతకంటె విలువైనదని నా అభిప్రాయం. తెరిచినవారికి ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు. ఇక్కడ స్థలం మారడం సాంకేతికుని జోక్యంలా కాక, కథలోని వస్తువు చేసిన పనిగా తోస్తుంది. ఆ సంధి ఆ కథకు తప్ప మరొక కథకు అతకదు. కస్టమ్ ట్రాన్సిషన్ అనే మాటకు ఇంతకు మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

1989లో ఎవిడ్, 1991లో అడోబ్ ప్రీమియర్ వచ్చాయి. అటువంటి సాఫ్ట్‌వేర్‌తో ల్యాబ్ కోసం ఎదురుచూపు పోయింది. పుటలు తిరగడం, హృదయాకారాలు విచ్చుకోవడం పెండ్లి వీడియోలను ముంచెత్తాయి. వాటిని పరిహసించడం విద్యావంతులకు సులభమే గాని, ఆ అభిరుచిలో సగం సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన సరుకుదే.

సొంత సంధి తయారీ వేరు. ప్రీమియర్‌లోని గ్రేడియెంట్ వైప్‌కు ఎడిటర్ నలుపు తెలుపు ఛాయల బొమ్మ ఒకటి ఇస్తాడు. నల్లని చోట కొత్త దృశ్యం ముందు వస్తుంది. తరువాత ముదురు నుంచి లేత వరకు బూడిద ఛాయలు, చివరకు తెలుపు. నడుమ నలుపు, అంచున తెలుపు ఉన్న ముగ్గును ఇస్తే దృశ్యం లోపలి నుంచి విచ్చుకుంటుంది. పైన నలుపుతో మొదలై కిందికి తెల్లబారే బొమ్మను ఇస్తే తెర దించినట్లుంటుంది. పెండ్లిలో జీలకర్ర బెల్లం వేళ వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర తొలగే క్షణానికి ఇది సరిగ్గా సరిపోతుంది. భామాకలాపపు తెరకు ఇది వారసురాలని నా వాదన కాదు; రెండూ చేసే పని ఒకటే.

చిక్కు ఆధారాల దగ్గర ఉంది. పూర్తయిన వీడియోలో సంధి కనబడుతుంది గాని, ఎడిటర్ దానిని గీశాడో, సిద్ధంగా ఉన్నదాన్నే వాడాడో తెలియదు. అది తేల్చేవి ప్రాజెక్ట్ ఫైలు, ఆ నలుపు తెలుపు బొమ్మ. క్యాసెట్ల అయస్కాంత పూత కాలంతో క్షీణిస్తుంది. పాత ప్రాజెక్ట్ ఫైళ్ళను కొత్త సాఫ్ట్‌వేర్ తెరవకపోవచ్చు. కనుక మేడ్చల్, శామీర్‌పేటలలో క్షేత్రపర్యటన చేసే పరిశోధకులు వీడియో ప్రతితో సరిపెట్టుకోకుండా, కుటుంబాల అనుమతితో ఈ రెండింటినీ, ఆ సంధిని ఎందుకు అలా చేశారో ఎడిటర్ చెప్పే మాటనూ కలిపి సేకరించాలి. హార్డ్‌డిస్క్ నిండితే మొదట తొలగించేది ఆ ఫైళ్ళనే.