ప్రాసెసర్ నక్షా మన షహర్‌కు కొత్త కాదు

మా యాదగిరిగుట్టలో బిడ్డ ఇంజినీరింగ్‌లో చేరితే ఖాందాన్ అంతా అడిగే సవాల్ ఒకటే: "నౌక్రీ ఎప్పుడొస్తది?" ఫీజు కట్టే అబ్బాకు అలా అడిగే హక్ ఉంది. కానీ ఆ బిడ్డ కంప్యూటర్ ఆర్కిటెక్చర్, అంటే ప్రాసెసర్ లోపలి నక్షా చదువుతానంటే "అది అమెరికావాళ్ల పని, మన బస్ కాదు" అంటున్నాం. మన తారీఖ్ మరిచిపోయి అంటున్న మాట అది.

1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీలో తాలీమ్ జబాన్ ఉర్దూ. కితాబులు లేవని ఎవరూ చేతులు కట్టుకోలేదు. 1917లోనే దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ నిగ్రానీలో సైన్సు, హిసాబ్ కితాబులు ఉర్దూలోకి వచ్చాయి. లేని లఫ్జ్‌లు కొత్తగా పుట్టాయి. 1929లో ఇంజినీరింగ్ కాలేజీ మొదలైంది. అవామ్‌లో ఎక్కువమంది జబాన్ తెలుగే గనుక ఆ దర్వాజా అందరికీ ఆసాన్‌గా తెరుచుకోలేదన్నదీ సచ్చే. 1948 తర్వాత ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది.

అదే షహర్‌లో 1967లో ఈసీఐఎల్ ఏర్పడింది. దాన్ని నిలబెట్టిన ఎ.ఎస్. రావు మన తెలుగువారే. ట్రాంబేలో మొదలైన 12 బిట్ల కంప్యూటర్ టీడీసీ-12 1969లో వచ్చింది. ఆ వరుస కంప్యూటర్లను ఈసీఐఎల్ తయారు చేసింది. తర్వాత 16 బిట్ల టీడీసీ-316 కూడా వచ్చింది.

ఇంతకీ ఈ సబ్జెక్టులో ఏముంటుంది? ప్రాసెసర్ ఒక్కో హుకుంను మెమరీ నుంచి తెచ్చుకుంటుంది, దాని మత్లబ్ విప్పుతుంది, అమలు చేస్తుంది, నతీజా దాస్తుంది. ఒక హుకుం అమలవుతుండగానే తర్వాతి దాన్ని విప్పడం, ఆ తర్వాతి దాన్ని తెచ్చుకోవడం పైప్‌లైన్. వలీమాలో ఒక దస్తర్‌ఖాన్ మీద తింటుంటే వెనక బావర్చీ రెండో దేగ్‌కు దమ్ ఇచ్చినట్టే. మెమరీకి ఉర్దూలో హాఫిజా అంటారు. ఖురాన్ కంఠతా పట్టిన హాఫిజ్ సాబ్ పేరుకూ అదే మూలం. ఇలా చెబితే మా అమ్మీజాన్‌లకూ సమజవుతుంది.

2010లో బర్క్‌లీ యూనివర్సిటీలో రిస్క్-ఫైవ్ అనే హుకుంల జాబితా మొదలైంది. దాన్ని వాడుకోవడానికి ఎవరి ఇజాజత్ అక్కర్లేదు, లైసెన్సు పైసల్లేవు. మద్రాస్ ఐఐటీ వాళ్ల శక్తి ప్రాసెసర్లు దానిమీదే నడుస్తాయి. ఒక మామూలు ల్యాప్‌టాప్ ఉంటే గుట్ట బిడ్డ కూడా చిన్న ప్రాసెసర్ డిజైన్ చేసి, సిమ్యులేటర్‌లో నడిపించి చూడొచ్చు.

అందుకే నా గుజారిష్: బేటా అయినా బేటీ అయినా ఈ సబ్జెక్ట్ ఎంచుకుంటే ఆపకండి. ఇంగ్లీషులో చదివింది రాత్రి ఇంట్లో మన జబాన్‌లో చెప్పమనండి. చెప్పలేకపోతే మళ్లీ చదువుకుంటారు. దారుల్ తర్జుమా వాళ్లు చేసిన మెహనత్ కూడా అదే కదా.