పల్లెలు పాలుపంచుకున్న పరిశోధన

హైదరాబాదుకు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ఒకప్పుడు పల్లెలు. నేడు నగరంలో కలిసిపోయిన పారిశ్రామిక వాడలు. వాటికి చేరువనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో నీలగిరులలోని కూనూరులో, బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఒకే గదిలో ఆరంభించిన పని ఇది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో నేటి పేరు పొందింది.

ఆహారలోపాన్ని గురించి ఎలుకల వలన తెలిసేది కొంతే. బిడ్డ ఏమి తింటున్నదో, ఎట్లా ఎదుగుతున్నదో తెలియాలంటే శాస్త్రజ్ఞుడు పల్లెకు పోవాలి. తల్లి సమ్మతిస్తేనే బిడ్డను తూచడం సాధ్యం.

1987-90 మధ్య ఈ సంస్థ హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలలో ఒక పరిశీలన జరిపింది. అప్పటికి అంగన్‌వాడీ పథకం 15 గ్రామాలకు వచ్చింది. తక్కిన 14 గ్రామాలకు ఇంకా రాలేదు. అనగా పరిశోధన కోసం ఎవరి నోటి ముద్దా ఆపలేదు. పథకం విస్తరించే క్రమమే పోలికకు అవకాశమిచ్చింది. పథకమున్న గ్రామాలలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టేవారు.

2003-05లో పరిశోధకులు ఆ గ్రామాలకే తిరిగి వెళ్లారు. నాటి పసిపిల్లలు 13 నుండి 18 ఏళ్లవారైనారు. 1,165 మందిని పరీక్షించగా, ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. వారి శరీరంలో ఇన్సులిన్ మెరుగుగా పనిచేస్తున్నది. రక్తనాళాల బిరుసు తక్కువగా ఉన్నది. పసితనపు తిండికీ, పెద్దతనపు మధుమేహ, హృద్రోగాలకూ సంబంధం ఉండవచ్చునని దీనివలన తోచింది. ఈ ఫలితాలు 2008లో వెలువడినవి.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడా తెలుగు నేలపైనే ఉన్నది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకాను బాలికలకు ఇచ్చి ఒక అధ్యయనం చేశారు. వారిలో వసతి గృహాలలో ఉండే గిరిజన బాలికలు అనేకులు. చాలా అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేసినట్లు విచారణలో తేలింది. 2010 ఏప్రిల్‌లో ఆ పని ఆగిపోయింది. 2013లో పార్లమెంటు సంఘం దానిని తప్పుపట్టింది. టీకా మేలైనదే, లోపమున్నది అడిగిన తీరులో.

సంతకం కాగితంపై పడుతుంది. సమ్మతి మనసులో కలగాలి. పదిహేనేళ్ల తరువాత అవే గడపలు తొక్కినప్పుడు తలుపులు తెరుచుకున్నందుననే ఆ 14 మిల్లీమీటర్ల సంగతి లోకానికి తెలిసింది.