ఒకే భాష, రెండు క్రికెట్ సంఘాలు

తెలుగువారికి ఒకే రాష్ట్రం ఉన్న రోజుల్లోనూ రంజీ ట్రోఫీలో మనకు రెండు జట్లుండేవి. ఎందుకని మనవలు అడిగితే చెప్పవలసిన కథ ఇది.

నిజాం పాలనలోనే, 1934లో హైదరాబాద్ క్రికెట్ సంఘం ఏర్పడింది. 1937-38లో నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించి హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలుచుకుంది. కోస్తా, రాయలసీమ ఆటగాళ్లకు అప్పట్లో మదరాసు జట్టే దిక్కు. ఆంధ్ర రాష్ట్రం అవతరించిన 1953లోనే ఆంధ్ర క్రికెట్ సంఘమూ వెలిసింది. ఆ ఏడాది ఆంధ్ర తొలి రంజీ జట్టుకు సారథి సి.కె. నాయుడు. 1932లో దేశపు తొలి టెస్టుకు కెప్టెన్ ఆయనే. ఆంధ్రకు ఆడేనాటికి ఆయన వయసు 58 ఏళ్లు. మనలో చాలామంది పదవీ విరమణ చేసిన వయసన్నమాట!

1956లో ప్రాంతాలు కలిశాయి కానీ సంఘాలు కలవలేదు. అదీ ఒకందుకు మేలే అయింది: పదకొండు మందికి బదులు ఇరవై ఇద్దరు కుర్రాళ్లకు రంజీలో చోటు దొరికింది. ఆటకు పెద్దగా డబ్బు రాని ఆ కాలంలో బ్యాంకులు, రైల్వేలు క్రీడాకారులకు ఉద్యోగాలిచ్చి ఆదుకున్నాయి.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆస్తులు, అప్పులు, ఉద్యోగులు అన్నీ పంపకానికి వచ్చాయి. రంజీ జట్ల విషయంలో మాత్రం ఆ అవసరమే రాలేదు. ఆ గీత 1953లోనే గీసి ఉంది.