మాచర్ల తీర్పులు: తొమ్మిది ఎన్నికలు, తొమ్మిదిమంది శాసనసభ్యులు

పల్నాటి ఎన్నికలను గురించి రాసేవారిలో చాలామంది పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం నుంచే మొదలుపెట్టి, బ్రహ్మనాయుడు, నాగమ్మల వైరాన్నీ, కారంపూడి రణక్షేత్రాన్నీ, అక్కడ నేటికీ ఏటా జరిగే వీరారాధనోత్సవాలనూ ప్రస్తావించి, ఇక్కడి ఓటరు నెత్తురులోనే పంతం ఉందని తేల్చేస్తారు. మాచర్ల శాసనసభ నియోజకవర్గపు ఫలితాలను వరుసగా పరిశీలించినవారికి ఈ తేలిక వివరణ ఏమాత్రం నిలవదు. ఎందుకంటే ఆ ఫలితాలలో కనిపించేది తరతరాల పంతం కాదు, ఎవరినీ శాశ్వతంగా నెత్తిన పెట్టుకోని స్వతంత్ర వివేచన.

1972లో జూలకంటి నాగిరెడ్డి, 1978లో చల్లా నారపరెడ్డి, 1983లో కొర్రపాటి సుబ్బారావు, 1985లో నట్టువ కృష్ణమూర్తి, 1989లో నిమ్మగడ్డ శివరామకృష్ణ ప్రసాద్, 1994లో కుర్రి పున్నారెడ్డి, 1999లో నాగిరెడ్డి భార్య జూలకంటి దుర్గాంబ, 2004లో పిన్నెల్లి లక్ష్మారెడ్డి, 2009లో అదే కుటుంబానికి చెందిన పిన్నెల్లి రామకృష్ణారెడ్డి ఇక్కడి నుంచి గెలిచారు. అంటే ముప్పై ఏడేళ్ల వ్యవధిలో జరిగిన తొమ్మిది ఎన్నికలలో మాచర్ల తొమ్మిదిమందిని శాసనసభకు పంపింది. అదే ప్రాంతంలోని నరసరావుపేటలో డాక్టర్ కోడెల శివప్రసాదరావు 1983 నుంచి 1999 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచిన కాలమే ఇదని గుర్తుంచుకుంటే, ఒకే పల్నాడులో రెండు భిన్న స్వభావాలు స్పష్టంగా కనిపిస్తాయి.

రాష్ట్రమంతటా వీచిన గాలి కూడా మాచర్లను ప్రతిసారీ తనవెంట తీసుకుపోలేకపోయింది. 1985 మధ్యంతర ఎన్నికలలో తెలుగుదేశం 294 స్థానాలకుగాను 202 గెలుచుకున్నప్పుడు ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి గెలవగా, 1989లో కాంగ్రెస్ 181 స్థానాలతో అధికారంలోకి తిరిగివచ్చినప్పుడు ఇక్కడ తెలుగుదేశం గెలిచింది. ప్రతిపక్షంలో కూర్చునే సభ్యుణ్ణి రెండుసార్లు వరుసగా ఎన్నుకోవడం వల్ల నియోజకవర్గానికి కలిగిన లాభనష్టాల మాట ఎలా ఉన్నా, ఓటరు తన లెక్క తాను చూసుకున్నాడన్నది మాత్రం నిజం.

ఆ లెక్కలో నీటిది పెద్ద పద్దు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్ట కుడివైపు ఈ నియోజకవర్గంలోనే ఉంది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ నీరు విడుదల చేసిన కుడికాలువ, అంటే జవహర్ కాలువ, ఇక్కడే మొదలై దిగువ ప్రాంతాలను సస్యశ్యామలం చేసింది. అయితే కాలువ మట్టానికి ఎగువన ఉన్న వెల్దుర్తి, దుర్గి ప్రాంతపు మెట్ట భూములకు ఆ నీరు ఎక్కలేదు. ఆ లోటు తీర్చేందుకు ఉద్దేశించిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకం, అంటే నీటిని మోటార్లతో ఎగువకు తోడి పంపే ఏర్పాటు, పెద్దపులుల అభయారణ్యం గుండా సాగాల్సి రావడంతో అటవీ అనుమతుల దగ్గర దశాబ్దాలపాటు ఆగిపోయి, చివరకు 2023 నవంబర్‌లో శంకుస్థాపనకు నోచుకుంది. జలాశయం ఒడ్డునే ఉండి వానకోసం ఎదురుచూసే రైతు ఏ పార్టీనైనా ఎంతకాలం నమ్మగలడు?

2009 తరువాత చరిత్ర మలుపు తిరిగింది. 2011 డిసెంబర్‌లో కిరణ్‌కుమార్‌రెడ్డి కాంగ్రెస్ ప్రభుత్వంపై వచ్చిన అవిశ్వాస తీర్మానం సందర్భంలో పార్టీ విప్‌ను, అంటే ఫలానా విధంగా ఓటు వేయాలన్న ఆదేశాన్ని, ధిక్కరించినందుకు అనర్హుడైన రామకృష్ణారెడ్డి, 2012 జూన్ ఉప ఎన్నికలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచి, 2014, 2019లలోనూ ఆ స్థానాన్ని నిలుపుకున్నారు. ఒకరికి రెండో అవకాశమే ఇవ్వని నియోజకవర్గం ఒకే వ్యక్తిని వరుసగా నాలుగుసార్లు గెలిపించింది.

ఈ దశలోనే 2021 పురపాలక ఎన్నికలు వచ్చాయి. మాచర్ల పట్టణంలోని 31 వార్డులూ అధికార పక్షమైన వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఏకగ్రీవమయ్యాయి. గురజాల నియోజకవర్గంలోని పిడుగురాళ్లలోనూ 33 వార్డులకు అదే జరిగింది. ఏకగ్రీవమంటే బరిలో ఒకే అభ్యర్థి మిగలడం, అందువల్ల పోలింగే జరగకపోవడం. తమవారిని నామినేషన్లు వేయనివ్వలేదని ప్రతిపక్షాలు ఆరోపించగా, అది ప్రజాదరణకు నిదర్శనమని అధికార పక్షం చెప్పుకుంది. వేయని ఓటును ఎవరి ఆదరణగానూ లెక్కించలేమన్నది ఇక్కడ గట్టిగా చెప్పవలసిన మాట.

2024 మే 13న శాసనసభ ఎన్నికల పోలింగ్ జరిగింది. రెంటచింతల మండలం పాల్వాయి గేటు గ్రామంలోని 202వ పోలింగ్ కేంద్రంలోకి సిట్టింగ్ శాసనసభ్యుడు రామకృష్ణారెడ్డి వచ్చి ఓటింగ్ యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యాలు అక్కడి వెబ్ కెమెరాలో నమోదై, వారం తరువాత బయటకు రాగానే దేశమంతా చూసింది.   పోలింగ్ సందర్భంగా జిల్లాలో జరిగిన అల్లర్ల నేపథ్యంలో ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టరును బదిలీ చేసింది. ఓట్ల లెక్కింపు రోజున రామకృష్ణారెడ్డి లెక్కింపు కేంద్రానికి వెళ్లరాదని సుప్రీంకోర్టు ఆదేశించింది. జూన్ 4న వెలువడిన ఫలితంలో నాగిరెడ్డి, దుర్గాంబల కుమారుడు, 2009లో ఇక్కడే ఓడిపోయిన జూలకంటి బ్రహ్మానందరెడ్డి తెలుగుదేశం తరఫున 33 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. 2019లో ఏడు స్థానాలనూ వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఇచ్చిన నేటి పల్నాడు జిల్లా, ఈసారి ఏడింటినీ తెలుగుదేశానికి ఇచ్చింది.

అంతకు మూడేళ్ల ముందు ఒక్క వార్డులోనైనా పోలింగ్ జరగని పట్టణం ఉన్న నియోజకవర్గంలో ఇంత ఆధిక్యంతో తీర్పు మారింది. అందువల్ల ఇకపై ఏ పార్టీ హయాంలోనైనా, ఏ ఊళ్లోనైనా ఏకగ్రీవమన్న మాట వినిపించినప్పుడు, ఎన్ని నామినేషన్లు దాఖలయ్యాయో, ఎన్ని తిరస్కరణకు గురయ్యాయో, ఎన్నింటిని ఎప్పుడు ఉపసంహరించుకున్నారో పాఠకులు ఎన్నికల అధికారిని అడిగి తెలుసుకోవాలి.