పుట్టగొడుగు విత్తనము



తొలకరి వాన కురిసి ఉరుములు ఉరిమిన మరునాటి యుదయమున, మన పల్లెలలో పిల్లలు గంపలు చేతబట్టుకొని పుట్టలవెంట తిరుగుట మీలో ననేకులు చూచియే యుందురు. ఉరుమునకు భూమి పగిలి గొడుగు లేచునని మన పెద్దల నమ్మకము. కాళిదాసుడును మేఘసందేశమున మేఘగర్జనమువలన భూమి శిలీంధ్రములతో నిండునని చెప్పెను. ఆ శబ్దమునకు కందళి యని యర్థము చెప్పినవారును గలరు గాని, నేను బడిలో పుట్టగొడుగులనియే చెప్పుచుండెడివాడను. ఒకనాడు ఒక విద్యార్థి లేచి, "పంతులుగారూ, ఉరుము సరేనండి, మరి విత్తనమేదండి?" అని యడిగెను. "దానికి విత్తనము లేదురా, కూర్చో" యంటిని.

ఆ యుత్తరము తప్పని తెలిసికొనుటకు నాకు చాలకాలము పట్టెను. తప్పు చెప్పినందున నాకు గలిగిన నష్టమేమియు లేదు. కాని ఆ విత్తనము చేత జిక్కకపోవుటవలననే జపాను దేశమున కాపులు ఇండ్లు వాకిళ్లు పోగొట్టుకొనిరి. ఆ కథయే నేటి నా ప్రసంగవిషయము. మనుస్మృతి ద్విజులకు పుట్టగొడుగును నిషేధించినది. మా యింట నది వంటకెక్కదు. కావున రుచి నేను చెప్పజాలను, చరిత్ర మాత్రము చెప్పెదను.

మొద్దులపై పుట్టగొడుగులను పెంచు విద్య చీనాదేశమున బుట్టినది. జెజియాంగ్ రాష్ట్రములోని ఛింగ్‌యువాన్ కొండలలో వూ సాన్‌గాంగ్ అను నతడు, గొడ్డలితో నరికిన గాట్లలో గొడుగులు దట్టముగా మొలచుట చూచి యీ విద్యను కనిపెట్టెనని యచ్చటివారి యైతిహ్యము. అతనికి వారు గుడియు గట్టిరి. ఐతిహ్యము నటుంచి గ్రంథమును జూతము. 1313వ సంవత్సరమున వాంగ్ జెన్ అను నధికారి రచించిన వ్యవసాయగ్రంథమున నీ పద్ధతి స్పష్టముగా నున్నది. నీడపట్టున తగిన చెట్టును కూల్చి, గొడ్డలితో గాట్లు పెట్టి, మన్ను కప్పవలెను. మ్రాను చివికిన పిమ్మట పుట్టగొడుగులను సన్నముగా తరిగి యా గాట్లలో చల్లి, ఆకులును మన్నును కప్పి, అప్పుడప్పుడు బియ్యపు కడుగు పోయవలెను. కొంతకాలమునకు దుడ్డుకఱ్ఱతో మ్రానును మోదవలెను. దీనికి గొడుగును ఉలికిపడజేయుట యని పేరు. తరిగిన గొడుగులను చల్లుమన్న మాటలోనే విత్తనముయొక్క జాడ యున్నదని గమనింపుడు.

జపానులో నీ గొడుగును షిటాకె యందురు. షీ యనునది యొక చెట్టు. టాకె యనగా పుట్టగొడుగు. 17వ శతాబ్ది మొదలు క్యూషూ ద్వీపమున, నేడు ఓయిటా యనబడు సీమలో, దీని సేద్యము సాగినది. అచ్చటి కాపులు ఓకు చెట్లను కూల్చి, కత్తితో గాట్లు పెట్టి, అడవినీడలో పరచి వేచియుండెడివారు. విత్తనమును వారు చల్లెడివారు కారు. గాలియే దానిని తెచ్చి గాట్లలో వేయవలెను. గాలి దయతలచినచో రెండుమూడేండ్లకు మొద్దునిండ గొడుగులు. ఎండబెట్టిన గొడుగునకు మంచి వెల. దయతలపనిచో చివికిన కట్టెయే మిగులును. చెట్లకై తెచ్చిన యప్పు మాత్రము చివుకదు, వడ్డితో పెరుగును. అట్లు పంట తప్పి ఊరు విడిచిపోయిన కుటుంబములు గలవు.

1908లో జన్మించిన మోరి కిసాకు, క్యోటో విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రము చదువుచున్న కాలమున ఓయిటా పల్లెలకేగెను. అచ్చటి కాపులు మొద్దులయెదుట చేతులు జోడించి, మొలవుమని గొడుగును వేడుకొనుచుండుట చూచెను. ఆ దృశ్యము అతని మనస్సున నాటుకొనెను. పుట్టగొడుగు రేకుల క్రింద కంటికానని సిద్ధబీజములుండుననియు, అవి మొలచి తెల్లని తంతువులై కట్టెలోనికి ప్రాకుననియు శాస్త్రజ్ఞులు అప్పటికే యెరుగుదురు. 20వ శతాబ్ది యారంభమున మిమురా మొదలగువారు ఆ తంతువులను ప్రయోగశాలలో పెంచి చూచిరి. కాని కాపు చేతికందు విత్తనము కావలెను గదా! మోరి 1942లో చిన్న కొయ్యముక్కలపై శుద్ధమైన తంతువులను పెంచి, వానిని మొద్దులో దిగగొట్టు పద్ధతిని కనిపెట్టెను. నాటినుండి కాపు గాలిదయకై యెదురుచూడ నక్కరలేకపోయెను.

నేడు పెరటిలో పెంచువారును చేయునదిదియే. ఆకు రాలిన కాలమున కొట్టిన, చేయెడు లావు గల ఓకు మొద్దునకు బరమాతో బెజ్జములు వేసి, విత్తనపు ముక్కలను దిగగొట్టి, మైనముతో మూసి, నీడలో నుంచి తడియారకుండ చూతురు. ఏడాదికో రెండేండ్లకో గొడుగులు లేచును. మొద్దు కొన్నియేండ్లు కాచును. మొద్దుపై వేరు జాతి గొడుగు మొలచినచో దానిని ముట్టరాదు.

షిటాకె చల్లని సీమల పంట. మన వేడిమికి వరిగడ్డి పుట్టగొడుగు తగినది. దానిని పెంచు విధమును 1943లో కోయంబత్తూరులో మద్రాసు వ్యవసాయశాఖవారు పరిశోధించి ప్రకటించిరి. అప్పటి యాంధ్రజిల్లాలు ఆ మద్రాసు రాజధానిలోనివే.

ఇక నురుము సంగతి. ఇవాటె విశ్వవిద్యాలయమువారు మొద్దులకు మెరుపువంటి విద్యుద్ఘాతమును క్షణకాలము తగిలించి చూడగా గొడుగులు హెచ్చుగా మొలచినవి. కవియు, దుడ్డుకఱ్ఱ పట్టిన చీనా కాపును, మా యూరి పెద్దలును అబద్ధమాడలేదన్నమాట. అయితే తంతువు లేని మొద్దుపై ఎన్ని పిడుగులు పడినను గొడుగు లేవదు. ఉరుము మేల్కొల్పును; విత్తదు.

ఆనాడు నన్ను ప్రశ్నించిన విద్యార్థి నేడెచ్చట నున్నాడో నేనెరుగను. ఈ ప్రసంగము వానికి వినబడుచుండిన, నా యుత్తరమును దిద్దుకొనునుగాక. నాయనా, దానికి విత్తనము కలదు. నిన్ను కూర్చుండుమనుట నాదే తప్పు.